బోర్డు మూలన ఉన్న సంతకం

గౌరవనీయులైన వ్యసన విముక్తి కేంద్రం పర్యవేక్షకుల వారికి,
మొదటి అంతస్తు, కుడివైపు చివరి గది.

అయ్యా,

విషయం: ఆరో నంబరు మంచం గురువారం మధ్యాహ్నం పన్నెండు గంటలకు రద్దు కాకుండా కాపాడుట గురించియు, రోగి సంతకం సరిపోలకపోవుటకు అసలు కారణం తెలియజేయుట గురించియు, సదరు కారణం ఈ అర్జీదారుడే అయి ఉండుట గురించియు.

జతపరచినవి: గురువారం మధ్యాహ్నం లోగా చేరకపోతే మంచం రద్దు అని మీ కౌంటరు వారు ఇచ్చిన పసుపు చీటీకి నకలు ఒకటి, పెద్దాసుపత్రి డాక్టరు గారు రాసిచ్చిన కాగితం ఒకటి.

నేను సదరు రోగికి సొంత తమ్ముడిని. ఫ్లెక్సీలు అచ్చు వేసే దుకాణంలో పని చేస్తున్నాను. మా అన్నయ్య కుంచెతో బోర్డులు రాసే పెయింటరు. మీ గేటు బయట బల్ల వేసుకుని అర్జీలు రాసే పెద్దాయన నాకు మూడు షరతులు చెప్పారు. పేరాలకు నంబర్లు వేయమన్నారు. కోపం కనిపించనివ్వవద్దన్నారు. ఏడుపు అసలే వద్దన్నారు, అటువంటి అర్జీలు ఆఫీసర్లు పక్కన పెట్టేస్తారట. నంబర్ల వరకు నేను పూచీ ఇవ్వగలను.

1. తమ కేంద్రమనేది ఒకటున్నదని నాకు, మా వదినకు తెలియడానికి రెండు సంవత్సరాల నాలుగు నెలలు పట్టినది. ఈ లోగా మేము కాళ్ళరిగేలా తిరిగిన చోట్లు తమరికి తెలియడం అవసరమని భావిస్తున్నాను.

మొదట ఊరి చివర ఎత్తు గోడల ఇల్లొకటి చూశాను. గేటుకు తాళం బయటి వైపున ఉంది. అక్కడి మేనేజరు నాకు టీ ఇప్పించి, మనిషికి చెప్పకుండా తీసుకురండి, మత్తులో పడి ఉన్నప్పుడైతే మరీ తేలిక, మిగతాది మేం చూసుకుంటాం అన్నాడు. నేను బయటికి వస్తుంటే ఊచల వెనక నుంచి ఒకాయన మర్యాదగా పిలిచి, ఇవాళ తారీఖు ఎంతండీ అని అడిగాడు. చెప్పాను. థాంక్సండీ అన్నాడు. ఆ మాట విన్నాక అన్నయ్యను అక్కడ వదిలిపెట్టే ధైర్యం నాకు లేకపోయింది.

తరువాత తెల్ల పొడి. తెలియకుండా అన్నంలో కలిపి పెడితే నెలలో మందంటేనే అసహ్యం పుడుతుందని పొట్లం మీద ఉంది. ఆ పొడి తాలూకు పోస్టరు మా దుకాణంలోనే అచ్చయింది కాబట్టి నేనూ నమ్మాను, మనం అచ్చు వేసినదాన్ని మనమే నమ్మడం ఎంత తెలివితక్కువతనమో తరువాత తెలిసింది. మా వదిన రెండు రోజులు కలిపింది. మూడో రోజు వడ్డించబోయి, గరిటె పక్కన పెట్టేసి, ఏం కలుపుతున్నానో అన్నయ్యకు చెప్పేసి ఏడ్చింది. ఆ తరువాత వారం రోజులు అన్నయ్య ఇంట్లో మంచినీళ్ళు కూడా ముట్టలేదు.

పెద్దాసుపత్రిలో కడుపు నొప్పికి మందిచ్చారు, నిద్రకు మందిచ్చారు, తాగుడు మాన్పించే విభాగం మాత్రం తమది కాదన్నారు. ఎవరిదండీ అని అడిగితే ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు.

చివరికి బస్టాండు గోడ మీద సగం చిరిగిన కాగితంలో ఒక ఫోన్ నంబరు దొరికింది. ఎత్తింది ఒకావిడ. రోగి వయసు, ఎన్నేళ్ళుగా తాగుతున్నాడు, రోజుకు ఎంత, అన్నీ గడగడా ఒప్పజెప్పాను. ఆవిడ ఓపికగా విని, "సరేనండీ. మీరెలా ఉన్నారు?" అని అడిగింది. అయ్యా, రెండేళ్ళలో ఆ ప్రశ్న నన్నెవరూ అడగలేదు. ఫోన్ పెట్టేశాను. మర్నాడు మళ్ళీ చేస్తే ఆవిడే ఎత్తింది, నిన్నటి ఊసు ఎత్తకుండా తమ కేంద్రం అడ్రసు చెప్పింది, ఇంట్లోవాళ్ళ కోసం అక్కడే శనివారం శనివారం సమావేశం జరుగుతుందని కూడా చెప్పింది. ఆ అడ్రసు అట్ట ముక్క మీద రాసుకుని చొక్కా జేబులో పెట్టుకు తిరిగాను, అన్నయ్య ఒప్పుకునే రోజు కోసం.

2. రోగి ఒప్పుకొనుట: బలవంతం ఏమీ లేకుండా, పట్టపగలు, సాక్షి ఎదుట జరిగినది. సాక్షిని నేనే.

ఒక బడి ప్రహరీ గోడ మీద పేరు రాసే పని అన్నయ్యకు వచ్చింది. ఇప్పుడు గోడల మీద రాయించేవాళ్ళు తక్కువ. గీతలు కొట్టడానికి రెండో మనిషి కావాలని నన్ను పిలిచాడు. సుద్దపొడి పూసిన దారాన్ని చెరో వైపు బిగించి పట్టుకుని, మధ్యలో లాగి వదిలితే గోడ మీద తిన్నని గీత పడుతుంది. ఆ గీతల మధ్య అక్షరాలు రాస్తారు. దారం నా చేతిలో కదలకుండానే ఉంది, అవతలి కొసే వణుకుతోంది. గీత మూడుసార్లు పడింది, మూడు చోట్ల పడింది. అన్నయ్య దారం కింద పెట్టి, సున్నం డబ్బా మీద కూర్చుని, గోడ వైపే చూస్తూ అన్నాడు.

"నావల్ల కావడం లేదురా. ఎక్కడికి రమ్మంటే అక్కడికి వస్తాను."

జేబులో అట్ట ముక్క తడిమి చూసుకుని, ఆ మధ్యాహ్నమే తమ కౌంటరుకు పరుగెత్తి నమోదు ఫారం తెచ్చాను.

3. ఇక్కడ నా నేరాన్ని ఒప్పుకొనుచున్నాను.

సదరు ఫారం వెనక నిబంధనలు ఉన్నవి. నాలుగవది: రోగి తన ఇష్టంతోనే చేరుచున్నట్లు స్వయంగా సంతకం చేయవలెను, చేరే రోజున కౌంటరు వద్ద చేయు సంతకం ఈ ఫారంలోని దానితో గాని, ఈ కార్యాలయంలో అంతకు ముందే ఉన్న సంతకంతో గాని సరిపోలవలెను. ఏడవది: అక్షరాస్యుల వేలిముద్ర చెల్లదు. పదకొండవది: సంతకం వేరొకరు చేసినట్లు తేలిన యెడల నమోదు రద్దగును, ఆరు నెలల వరకు తిరిగి నమోదు లేదు. ఈ నిబంధనలు మంచివే. ఆస్తి కోసం అన్నదమ్ములే మనుషుల్ని తెచ్చి పడేసి పోకుండా పెట్టారని కౌంటరులోని గుమాస్తా గారు చెప్పారు. ఎత్తు గోడల ఇల్లు చూసినవాణ్ణి, నాకు అర్థం కాకపోవడం ఏముంది?

ఫారం తెచ్చిన మర్నాడు పొద్దున అన్నయ్య సంతకానికి కూర్చున్నాడు. పొద్దున పూట ఆయన చెయ్యి గ్లాసు కూడా పట్టదు. కలం ఒకసారి జారింది, రెండోసారి కాగితం గీరుకుపోయింది. ఫారం పక్కకు తోసేసి, రేపు చూద్దాంలే అన్నాడు. అయ్యా, ఆ రేపు అనే మాట మా ఇంట్లో పన్నెండేళ్ళుగా వింటున్నాం. ఆయన మొహం కడుక్కోవడానికి పెరట్లోకి వెళ్ళగానే కలం తీసుకుని ఆయన సంతకం నేను పెట్టేశాను.

అది నాకు కష్టమైన పని కాదు. నాకు అక్షరాలు రాయడం నేర్పింది అన్నయ్యే. నా చెయ్యి తన చేతిలో పెట్టుకుని కుంచె నడిపించేవాడు, అందుకే మా ఇద్దరి రాతా ఒక్కటే. ఏ బోర్డు రాసినా కుడి మూలన చిన్నగా సంతకం చేయడం ఆయనకు అలవాటు. పాత రంగుల పెట్టె మూత మీద అటువంటి సంతకం ఒకటుంది. దాన్ని పక్కన పెట్టుకుని మక్కీకి మక్కీ దించాను. మామూలు ఇంట్లో అయితే తమ్ముడు భయపడి వంకరటింకరగా గీకి దొరికిపోయేవాడు. మేం రాతపని వాళ్ళం కాబట్టి దొరకలేదు. మా కొంప ముంచింది అదే. తమ ఫైలులో ఇప్పుడు ఉన్నది చెయ్యి వణకని రోజుల నాటి మా అన్నయ్య సంతకం.

4. మంచం ఖాళీ అయినదని కబురు రాగా రోగిని వెంటబెట్టుకుని హాజరైతిమి. కౌంటరు వద్ద అన్నయ్య సంతకం చేశాడు. చేశాడు అనడం కంటే కాగితంతో కుస్తీ పట్టాడు అనడం సబబు. గుమాస్తా గారు ఫారంలోనిది ఒకసారి, ఇది ఒకసారి చూసి, ఈ రెండూ ఒకరివి కావు అన్నారు.

అన్నయ్య వంగి ఫారంలోని సంతకం చూశాడు. అది ఎవరి పనో ఆయనకు వెంటనే తెలిసిపోయింది. తల తిప్పి నా వైపు చూశాడు. ఆయన మళ్ళీ కౌంటరు వైపు తిరిగి నెమ్మదిగా అన్నాడు.

"అది నాదేనండీ. ఇదీ నాదే."

నన్ను కాపాడడానికి అన్న మాట అది. ఆయనను కాపాడడానికి వెళ్ళినవాణ్ణి నేను. తరువాత ఆయన ఏమనుకున్నాడో, సిరా ప్యాడ్ వైపు వేలు చాపాడు. గుమాస్తా గారు ప్యాడ్ లాక్కుని, చదువుకున్నవాళ్ళది వేలిముద్ర చెల్లదు, ఏడో నిబంధన చూడండి అన్నారు. అన్నయ్య ఏదో చెప్పబోయి ఊరుకున్నాడు. ఓడిపోయి వేలిముద్రకు దిగాడనుకుని నాకు కళ్ళ నీళ్ళు తిరిగాయి. చెయ్యి కుదురుకున్నాక రండి అని పంపేశారు.

5. చెయ్యి కుదురుకొనుట ఎట్లన్నది మా ఇంట్లో అందరికీ తెలిసినదే. మెట్లు దిగుతూ అన్నయ్య, "ఒక్క గుక్క పడితే ముత్యాల్లా పెడతానురా" అన్నాడు. నేను ఆపవలసింది. ఆపలేదు. సందు మొగలో నిలబడి కాపలా కాశాను. ఇది కూడా నా నేరాల్లో నమోదు చేసుకోగలరు.

అరగంటలో మళ్ళీ కౌంటరుకు వచ్చాం. సంతకం నిజంగానే ముత్యాల్లా పడింది. ఇదీ సంతకమంటే అని గుమాస్తా గారు మెచ్చుకోలుగా తల ఎత్తారు, అప్పుడు వాసన తగిలింది. ఆయన మొహం మారిపోయింది. కలంతో వరండా గోడ మీది బోర్డు చూపించారు. మత్తులో ఉన్నవారు లోనికి రారాదు అని తెల్ల రేకు మీద నీలం అక్షరాలు.

"చదవడం వచ్చు కదా?" అన్నారు.

అన్నయ్య తలెత్తి బోర్డును తీరిగ్గా చూశాడు.

"వచ్చండి. రాసింది నేనే."

తాగుబోతు వాగుడనుకుని అక్కడున్నవాళ్ళంతా నవ్వారు. సిగ్గుతో నేనూ తల దించుకున్నాను. అది వాగుడు కాదు. ఎనిమిదేళ్ళ కిందట తమ కేంద్రం బోర్డులన్నీ రాసింది మా అన్నయ్యే, ఇన్నాళ్ళూ మాతో అనలేదు, ఆ రోజు ఇంటికి వెళ్ళాకే చెప్పాడు.

6. తాగి వస్తే లోపలికి రానివ్వరు కాబట్టి ఒక రోజు పూర్తిగా మానేసి రమ్మని బయట ఎవరో సలహా చెప్పారు. మానేశాడు. అయ్యా, ఆ ఒక్క రోజు ఆయన పడిన బాధ ఈ అర్జీలో పట్టదు. ఒళ్ళంతా చెమట, గోడ మీద లేని పురుగుల్ని చూపించి దులపమనడం. అయినా తెల్లవారి స్నానం చేసి, ఉతికిన చొక్కా వేసుకుని, తానే ముందు నడిచి వచ్చాడు. మా టోకెన్ పంతొమ్మిది. పద్నాలుగు పిలుస్తుండగా బెంచీ మీద నుంచి పక్కకు ఒరిగి మూర్ఛతో కొట్టుకున్నాడు.

ఇక్కడ ఒక్క మాట మనవి. పేరాలు నాలుగు, అయిదు చదివి తమరు గుమాస్తా గారి మీద చర్య తీసుకునేరు. వద్దు. కౌంటరు తలుపు తీసే వ్యవధి కూడా లేక ఆయన పైనుంచి దూకి వచ్చారు. అన్నయ్యను పక్కకు తిప్పి పడుకోబెట్టి, తన స్వెటరు మడిచి తల కింద పెట్టారు. పెద్దాసుపత్రి వరకు మాతోపాటు వచ్చారు. అంతకు ముందు మమ్మల్ని వెనక్కి పంపింది జాలి లేక కాదు, ఆయన చేతిలో నిబంధనల కాగితం ఉంది.

పెద్దాసుపత్రి డాక్టరు గారు, ఇన్నేళ్ళు తాగిన మనిషి ఇలా ఒక్కసారిగా ఆపితే ప్రాణానికే ముప్పు, మందులిచ్చి పగలూ రాత్రీ కనిపెట్టుకుని ఉండే చోట చేర్చి మాన్పించాలి, చేర్చేదాకా మీ అంతట మీరు ఆపవద్దు అని చెప్పి, రాసిచ్చారు. ఇంకోసారి ఇలా వస్తే నేను మాట ఇవ్వలేను అన్నారు. అటువంటి చోటు ఎక్కడుందండీ అని అడిగాను. ఆయన చెప్పింది తమ కేంద్రం పేరే.

అనగా, తాగితే తమరు చేర్చుకోరు. తాగకపోతే సంతకం పడదు. పూర్తిగా మానితే మనిషి దక్కడు. ఈ మూడింటిలో ఏది చేయమంటారో తమరే సెలవియ్యవలెను. ఇది కోపం కాదు, ప్రశ్న. సరే, కోపమే.

7. కుటుంబ సభ్యుల ఇబ్బందులు: ఆసుపత్రి నుంచి వచ్చిన నాటి నుంచి మా వదిన మందులు కొలిచే చిన్న గ్లాసుతో పొద్దున ఇంత, మధ్యాహ్నం ఇంత, సాయంత్రం ఇంత అని తానే పోసి ఇస్తోంది. గదిలో మూలన నిలబడి, ఆయన తాగేదాకా గోడ వైపు తిరిగి ఉంటుంది. నిన్న నాతో, "పన్నెండేళ్ళు ఈ చేత్తోనే సీసాలు పగలగొట్టానయ్యా. ఇప్పుడు ఈ చేత్తోనే పోస్తున్నాను" అంది. డాక్టరు చెప్పారు కదా వదినా అన్నాను. డాక్టరు గారు చెప్పగలరు గానీ పోయడం వేరు అంది. అదీ నిజమే.

శనివారం సమావేశానికి వదిన వెళ్ళింది. రోగి నంబరు చెప్పమన్నారట. రోగి ఇంకా చేరలేదు కనుక నంబరు లేదు, నంబరు లేదు కనుక కూర్చోనివ్వలేదు. వదిన తిరిగి రాకుండా కిటికీ పక్క వరండా మెట్టు మీద కూర్చుంది. లోపల ఒక పెద్దావిడ అది గమనించి, తన కుర్చీ కిటికీ దగ్గరకు జరుపుకుని, ఎవరేం చెప్పినా అర్థం కానట్టు గట్టిగా మళ్ళీ మళ్ళీ చెప్పించుకుందట. ఆ పెద్దావిడ ఎవరో తెలియదు. ఆవిడకు మా తరఫున నమస్కారం తెలియజేయగలరు. సమావేశం గదికి దారి చూపే బాణం సామాన్ల గది వైపు చూపిస్తోందని వదిన చెప్పింది. ఆ ఫ్లెక్సీ మా దుకాణానిదే, ఎక్కడికో కూడా చూడకుండా బాణం వేసిన తప్పు నాదే, ఈ వారంలో మార్చి ఇచ్చుకుంటాను.

మా అన్నయ్య కూతురికి పన్నెండేళ్ళు. పసుపు చీటీ అద్దానికి అంటించుకుంది. గురువారం ఎప్పుడొస్తుందని ఎవరినీ అడగదు. అద్దం ముందు జడ వేసుకోవడానికి ఈ మధ్య చాలాసేపు పడుతోంది.

8. కావున తమరిని వేడుకొనునది ఏమనగా:

(అ) ఫారంలోని దొంగ సంతకం నాది. రోగికి తెలియకుండా చేసినది. దానికి ఏ శిక్ష విధించినా, పోలీసులకు అప్పజెప్పినా, నేను దుకాణంలోనే ఉంటాను, పారిపోను.

(ఆ) పదకొండవ నిబంధన ప్రకారం ఆరు నెలల గడువు నాకు వేయండి. నేను తాగను గనుక నాకు ఇబ్బంది లేదు. మా అన్నయ్యకు వేయకండి. ఆయనకు ఆరు నెలలు లేవు.

(ఇ) గురువారం ఉదయం తొమ్మిది గంటలకు రోగిని తీసుకుని వరండాలో ఉంటాను. తమరు స్వయంగా కిందికి దిగి, ఆయన ఎదురుగా కూర్చుని, ఇష్టంతోనే వచ్చావా అని నోటితో అడగండి. సంతకం చేయవలసిన చెయ్యి ఎట్లా ఉందో చూడండి. ఆ వణుకును బాగుచేయడానికే గదా తమ కేంద్రం కట్టారు.

ఈ అర్జీ అందాక తమరు నమోదు రద్దు చేసినా చేయవచ్చునని నాకు తెలుసు. చెప్పకుండా ఊరుకుంటే గురువారం మధ్యాహ్నం ఎట్లాగూ మంచం పోతుంది. రెండు విధాలా భయమే గనుక నిజం చెప్పి భయపడడం నయమనిపించింది.

పై సంగతులు తమరు చిత్తగించవలెను. కోపమంతా నా మీద చూపి, దయ మా అన్నయ్యకు మిగల్చవలెను.

ఇట్లు,
ఈసారి తన సంతకమే తాను పెట్టుచున్న
తమ విధేయుడు
(రోగి తమ్ముడు)

తా.క.: అర్జీ మడిచి కవరులో పెట్టబోతుంటే మధ్యాహ్నం కొలత తాగి కాస్త కుదురుగా ఉన్న అన్నయ్య అడిగి తీసుకుని మొత్తం చదివాడు. ఆయన గురించి ఇన్ని మాటలు రాసినందుకు తిడతాడనుకున్నాను. మూడో పేరా దగ్గర ఆగి, పాత పెట్టె మూత తెప్పించి చూసి, తల ఊపాడు.

"చూసి దించావు సరే, చుక్క ఏదిరా?"

ఏం చుక్క అన్నాను. తొమ్మిదేళ్ళ కిందట ఒక బట్టల కొట్టు బోర్డు ఆరబెట్టినప్పుడు, మూడేళ్ళ కూతురు రంగులో వేలు ముంచి సంతకం కింద అద్దిందట. తుడిచేయబోయి, మనసొప్పక అలాగే వదిలేశాడట. ఆ నాటి నుంచి ఏ బోర్డు రాసినా, ఆఖరున తన చూపుడు వేలు రంగులో ముంచి సంతకం కింద ఒక చుక్క అద్దుతాడు. అది అద్దనిదే బోర్డును బయటికి పంపడు. కౌంటరు దగ్గర సిరా ప్యాడ్ వైపు వేలు చాపింది అందుకట. సంతకం పూర్తి చేయడానికి. నేనేమో ఓడిపోయాడనుకున్నాను.

అయ్యా, ఆ చుక్క సంగతి నాకు తెలియకపోవడానికి కారణం చెప్పుకోవడం ఈ అర్జీలో అన్నింటికన్నా కష్టం. పదేళ్ళ కిందట నేను అన్నయ్యను వదిలి ఫ్లెక్సీ దుకాణంలో చేరాను. మా మిషన్ వచ్చాక ఆయనకు పనులు తగ్గాయి. ఆ తరువాత ఆయన రాసిన బోర్డు ఒక్కటి కూడా దగ్గరికి వెళ్ళి చూడలేదు. ఎదురైతే రోడ్డు దాటేవాణ్ణి. సిగ్గేసేది. ఊరి నిండా ఉన్న చుక్క నా ఒక్కడికే కనపడలేదు.

ఇప్పుడే సైకిలు మీద తమ కేంద్రానికి వెళ్ళి వచ్చాను. వరండా బోర్డు కుడి మూలన, దుమ్ము తుడిచి చూస్తే, అన్నయ్య సంతకం ఉంది. దాని కింద నీలం చుక్క ఉంది. అద్దిన వేలి గీతలు ఎనిమిదేళ్ళైనా చెరగలేదు. గుమాస్తా గారిని పిలిచి చూపించాను. ఆయన స్టూలు తెచ్చుకుని ఎక్కి, కళ్ళజోడు పైకి తోసుకుని చాలాసేపు చూశారు. నాలుగవ నిబంధనలో ఈ కార్యాలయంలో అంతకు ముందే ఉన్న సంతకంతో గాని అని ఉంది కదండీ అన్నాను. ఆయన స్టూలు దిగి, "నేను చూసినట్టు రాసుకో. ఆఫీసరు గారు అడిగితే చెబుతాను" అన్నారు. రాసుకుంటున్నాను.

ఈ చుక్క వేలిముద్ర అని, అక్షరాస్యులకు చెల్లదని తమరు అనవచ్చు. ఇది వేలిముద్ర కాదు. మా అన్నయ్య సంతకంలో సగం.

ఇందాక ఆయనను ఈ కాగితం మీద సంతకం చేయమన్నాను. పైన నా సంతకం పక్కన కనిపిస్తున్న గీతలు ఆయనవే, పేరు పూర్తిగా రాలేదు, నేను చెయ్యి పట్టుకోలేదు. తరువాత నా కలంలోని సిరా వేలికి రాసుకుని కింద చుక్క అద్దాడు. అప్పుడు కూడా చెయ్యి వణికింది, కాని అద్దింది మాత్రం సరిగ్గా దాని చోటులోనే పడింది. పాప చూస్తూ నిలబడింది.

సిరా ఇంకా ఆరలేదు. మడత జాగ్రత్తగా విప్పగలరు.